ఇంకొక్కసారి, ఇసాక్

సిగ్వర్ట్ కెమెరాకి గుడిసెలో చోటు లేదు. మనుషులు లోపల పడుకునేవాళ్ళు, అది బయట నిలబడేది. చలిలో ఉన్న కెమెరాని పొయ్యి దగ్గరికి తెస్తే అద్దం మీదా, లోపలి పళ్ళచక్రాల మీదా చెమట పట్టేస్తుంది. మళ్ళీ బయటికి తీసుకెళ్ళగానే ఆ చెమట గడ్డకట్టి హ్యాండిలు తిరగనంటుంది. అందుకని స్పిట్స్‌బెర్గెన్ అనే మంచుదీవి తీరంలో దిగిన రోజు నుంచీ దాన్ని వాకిట్లోనే మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టి, పైన సీల్ చర్మం కప్పి ఉంచేవాడు.

"పెళ్ళాన్ని వాకిట్లో నిలబెట్టి నువ్వు లోపల కాఫీ తాగుతున్నావు. నీకు పుణ్యం రాదు బొమ్మల మాస్టారూ," అనేవాడు ఇసాక్.

ఇసాక్ ట్రోమ్సో మనిషి, సీల్ వేటగాడు. గుమ్మంలోంచి వంగి రావాల్సినంత ఎత్తు. తను వేసిన జోకుకి తనే ముందు నవ్వుతాడు, అదీ కప్పు అదిరేట్టు. సిగ్వర్ట్‌దీ ఆ ఊరే. అక్కడ ఫొటో స్టూడియో నడుపుతూ, పెళ్ళికొడుకుల్ని కుర్చీల్లో బిగించి కూర్చోబెట్టి బతుకుతున్నవాడు, కదిలే బొమ్మలు తీస్తానని ఒప్పుకుని ఈ ధ్రువయాత్రకి వచ్చి పడ్డాడు. వీళ్ళతో ఉన్న మూడో మనిషి ఎంబ్రిక్. మంచు మీద తల నెరిసినవాడు. ఏ గడ్డ మనిషిని మోస్తుందో, ఏది మింగుతుందో కర్రతో తట్టి చెప్పేస్తాడు. అందరికీ బాబాయ్.

యాత్రలో మిగతావాళ్ళంతా సముద్రపు పాయకి అవతలి ఒడ్డున, పెద్ద బసలో ఉన్నారు. ఎలుగుబంటి వేట బొమ్మ కోసం ఈ ముగ్గురూ గడ్డకట్టిన పాయ దాటి ఇవతలికి వచ్చారు. ఇక్కడ పాత వేటగాళ్ళు కట్టి వదిలేసిన గుడిసె ఒకటుంది. ఒకటే గది, ఒకటే తలుపు, అరచేయంత కిటికీ. తలుపు తీస్తే చిన్న నడవ, దాని చివర బయటి తలుపు. కట్టెలన్నీ ఆ నడవలోనే.

ఎలుగుబంటి ఒక్కటీ రాలేదు. పైగా, అలలకి కొట్టుకొచ్చిన దుంగని చీలుస్తుంటే గొడ్డలి జారి ఎంబ్రిక్ పాదంలో దిగింది. ఇక వెనక్కి పోదాం అనుకుంటుండగా సిగ్వర్ట్ మొండికేశాడు. ఆ రోజుతో సూర్యుడు సెలవు తీసుకుంటున్నాడు. మళ్ళీ కనిపించేది ఫిబ్రవరిలోనే. ఎలుగుబంటి లేకపోతే పోనీ, వేటగాడు తిరిగొస్తున్న బొమ్మయినా లేకుండా ఇక్కణ్ణుంచి కదిలేది లేదన్నాడు.

"అదిగో, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొండముక్కు వెనక్కి వెళ్ళు," అని ఇసాక్‌కి చూపించాడు. "అక్కణ్ణుంచి మంచు మీద నడుచుకుంటూ రా. సూటిగా కెమెరా దగ్గరికి. నేను చెయ్యి ఎత్తేదాకా ఆగకు. ఏం జరిగినా సరే, ఆగకు."

"వేటకే వెళ్ళనివాణ్ణి వేట నుంచి ఎలా తిరిగొస్తానయ్యా?"

"సినిమాలో వస్తావు. నడువు."

మొదటిసారి వచ్చినప్పుడు చలికి పెళుసెక్కిన ఫిల్ము కెమెరాలోనే పుటుక్కున తెగింది. రెండోసారి బాగానే వచ్చాడు కానీ, దగ్గరికి రాగానే పట్టలేక ఫక్కున నవ్వి టోపీ ఊపాడు. "మా రాగ్నా చూస్తే మురిసిపోతుంది, ఉండనీ," అన్నాడు. రాగ్నా అంటే అతని భార్య. సిగ్వర్ట్ సూర్యుడి వైపు చూశాడు. ఎర్రటి పళ్ళెం సగం మునిగింది.

"ఇంకొక్కసారి, ఇసాక్."

"మళ్ళీనా?"

"ఒక్కసారే. వెలుతురు పోతోంది."

ఇసాక్ గొణుక్కుంటూ వెళ్ళాడు. గుడిసె గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడ్డ ఎంబ్రిక్ మొహం తిప్పి గాలి వాసన చూశాడు. "గాలి నేల మీంచి సముద్రం వైపుకి మళ్ళింది రా, మంచుని విరిచేస్తుంది. వాణ్ణి పిలిచెయ్," అన్నాడు. "ఒక్క నిమిషం బాబాయ్," అంటూ సిగ్వర్ట్ హ్యాండిలు తిప్పడం మొదలెట్టాడు.

కొండముక్కు వెనక నుంచి పెద్ద తెరచాప నిలువునా చిరిగినట్టు చప్పుడొచ్చింది. ఆ తర్వాత అటువైపు తెల్లటి ఆవిరి లేచింది. సిగ్వర్ట్ చెయ్యి ఆగలేదు. ఇప్పుడు వస్తాడు, ఆవిరిలోంచి వస్తే ఇంకా బాగుంటుంది అనుకున్నాడు. రీలు అయిపోయేదాకా తిప్పాడు. ఎవరూ రాలేదు.

పరుగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే కొండముక్కు అవతల మంచే లేదు. నల్లటి నీళ్ళు. అక్కడి పలక మొత్తం విరిగి, మనిషితో సహా సముద్రంలోకి వెళ్ళిపోయింది. ఇద్దరూ గొంతులు పోయేదాకా అరిచారు. ఎంబ్రిక్ రక్తం కారుతున్న పాదంతోనే తాడు పట్టుకుని ఒడ్డంతా కుంటుతూ తిరిగాడు. చీకటి పడింది. ఆ వెనకే తుఫాను వచ్చింది.

తుఫానుకి పాయలో మంచు కూడా పగిలిపోయింది. పెద్ద బసకి దారి పోయింది. ఎంబ్రిక్ పాదం వాచి, వేళ్ళ దగ్గర నలుపు తిరిగింది. డాక్టరు అవతలి ఒడ్డున ఉన్నాడు. నలుపు మోకాలిదాకా పాకితే ఇక డాక్టరు కూడా చేసేదేం ఉండదు. గాలి ఆగాలి, పాయ మళ్ళీ గడ్డకట్టాలి, అంతదాకా ఆ కాలు ఓర్చుకోవాలి. గదిలో సీల్ కొవ్వు దీపం కంపు, కుళ్ళుతున్న పుండు వాసన, బయట గాలి రోద. సిగ్వర్ట్ కళ్ళు మూసుకుంటే చాలు, ఇసాక్ "మళ్ళీనా?" అనడం వినిపించేది. ఏడుపు మాత్రం వచ్చేది కాదు.

గాలి కాస్త తగ్గినప్పుడు సిగ్వర్ట్ లాంతరు పట్టుకుని కెమెరా మీద మంచు దులపడానికి బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చి, టోపీ కూడా తీయకుండా కాఫీ కాచాడు.

"ఏంట్రా?" అన్నాడు ఎంబ్రిక్.

"అడుగులున్నాయి. కొండముక్కు వైపు నుంచి కెమెరా వైపుకి. మధ్యలో ఆగిపోయాయి."

"నక్క."

"బూట్లు వేసుకున్న నక్కా బాబాయ్?"

ముసలాయన "తిరిగి వెళ్ళిన అడుగులు?" అని అడిగాడు.

"లేవు."

రెండోసారి గాలి తగ్గినప్పుడు ఆ అడుగులు ఇంకా ముందుకొచ్చాయి. కెమెరా దగ్గర నిలబడి తాడు విసిరితే అందేంత దూరంలో ఆగాయి. ఒక్కో అడుగులోనూ పల్చగా నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. సిగ్వర్ట్ చేతితొడుగు తీసి, వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు.

ఆ తర్వాత వచ్చిన గాలి మునుపటిలాంటిది కాదు. గుడిసెనే పీకేస్తుందేమో అనిపించింది. సిగ్వర్ట్ టోపీ బిగించుకోవడం చూసి ఎంబ్రిక్ మోచేతి మీద లేచాడు.

"దాన్ని అక్కడే వదిలెయ్యి రా. విరిగిపోతే పోనీ."

"అందులో ఇసాక్ ఉన్నాడు బాబాయ్. నవ్వుతూ ఉన్నాడు. రాగ్నాకి చూపించడానికి మిగిలింది అదొక్కటే."

"కెమెరాని లోపలికి తేకూడదని నువ్వేగా చెప్పేవాడివి?"

"గదిలోకి కాదులే. నడవలో పెడతా. అక్కడ చలే."

చెప్పినట్టే చేశాడు. స్టాండు కాళ్ళు మడిచి, కెమెరాని సీల్ చర్మంలో చుట్టి, నడవలో కట్టెల పక్కన పడుకోబెట్టాడు. ఫిల్ము ఉన్న చెక్కపెట్టెని మాత్రం ఊడదీసి లోపలికి తెచ్చి, రేకు డబ్బాలో దాచాడు. రెండు తలుపులూ గడియలు వేశాడు.

ఇద్దరూ ఎండుచేప నానబెట్టిన గిన్నె ముందు కూర్చుని ఉండగా, ఉన్నట్టుండి గాలి ఆగింది.

కొద్దికొద్దిగా తగ్గలేదు. ఆగిపోయింది. చెవులు గుయ్యిమన్నాయి. పొయ్యిలో కట్టె చిటపటమంది. సిగ్వర్ట్ మొహం వెలిగింది. గాలి ఆగిందంటే పాయ గడ్డకడుతుంది, పాయ గడ్డకడితే డాక్టరు... ఆ మాట అనబోతుంటే ఎంబ్రిక్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

కర్ర్... కర్ర్... కర్ర్...

గట్టి మంచు మీద బూట్ల చప్పుడు. తొందర లేదు. వేట ముగించుకుని, అలసిపోయి, ఇంటికి వస్తున్న మనిషి నడక.

అది వాకిట్లోకి వచ్చింది. కెమెరా ఉండే చోటికి వెళ్ళింది. అక్కడ ఆగింది. చుట్టూ ఒకసారి తిరిగింది. దేన్నో వెతుక్కుంటోంది...

మళ్ళీ కదిలింది. గుడిసె వైపుకి.

"బయటి తలుపుకి గడియ పెట్టావా?" ఎంబ్రిక్ పెదాలు మాత్రమే కదిలాయి.

"పెట్టాను."

బయటి తలుపు కిర్రుమంది. గడియ తీసిన చప్పుడు లేదు. పగిలిన చప్పుడూ లేదు. కిర్రుమని తెరుచుకుంది, అంతే. నడవలో చెక్కల మీద బరువైన అడుగులు... ఒకటి... ఇంకొకటి... టప్పు టప్పుమని నీళ్ళ చుక్కలు. తలుపు సందులోంచి సముద్రపు పాచి వాసన, తడిసిన ఉన్ని వాసన గదిలోకి పాకాయి. దీపం చిన్నదైంది.

ఆ తర్వాత కట్టెలు పక్కకి జరిగిన చప్పుడు. స్టాండు కాళ్ళు విప్పుతున్న చప్పుడు. ఒక్కో కాలూ క్లిక్కుమని బిగుసుకోవడం సిగ్వర్ట్ విన్నాడు. ఆ చప్పుడు ఈ లోకంలో తనకన్నా బాగా తెలిసినవాడు లేడు.

తర్వాత ఏమీ లేదు. వెళ్ళలేదు. అక్కడే ఉంది.

కట్టెలు తలుపు అవతల ఉన్నాయి. పొయ్యిలో ఉన్నవి చివరివి. పాయ గడ్డకడుతోంది, ఎంబ్రిక్ కాలి నలుపు చీలమండ వైపు పాకుతోంది, బయటికి దారి మాత్రం ఆ ఒక్క తలుపే. పొయ్యి ఆరిపోయింది. ఇద్దరి ఊపిరీ పొగలా గడ్డాలకి అంటుకుని గడ్డకట్టింది. కిటికీ అద్దం గీకి చూస్తే పైన చుక్కలు, కింద పాయ బూడిదరంగులో గట్టిపడి మెరుస్తోంది. దారి పడింది. వెళ్ళడానికి లేదు. ఎలుకని బోనులో పెట్టి బోను ముందు పిల్లి కూర్చున్నట్టుంది వాళ్ళ సంగతి.

"వాడికి నువ్వేం చెప్పావు రా?" ఎంబ్రిక్ గుసగుసగా అడిగాడు. జ్వరానికి అతని కళ్ళు మండుతున్నాయి.

"ఎవరికి?"

"నాటకాలొద్దు. ఆ రోజు వాడికేం చెప్పి పంపావు?"

సిగ్వర్ట్‌ తలుపు వైపు చూశాడు. "కెమెరా దగ్గరికి నడుచుకుంటూ రమ్మన్నాను. నేను చెయ్యి ఎత్తేదాకా... ఆగొద్దన్నాను."

"ఎత్తావా?"

"వాడు రాలేదుగా బాబాయ్..."

"ఇప్పుడొచ్చాడు. వెళ్ళి ఎత్తు. పని చెప్తే మధ్యలో వదిలేసే రకం కాదు వాడు."

తలుపు దాకా వెళ్ళడం సిగ్వర్ట్‌కి కొండెక్కినట్టయింది. గడియ ఇనుము వేళ్ళకి అంటుకుని చర్మం ఊడింది. నొప్పి తెలియలేదు. తలుపు నాలుగు వేళ్ళు పట్టేంత తెరిచాడు. అవతల కటిక చీకటి. ఆ చీకట్లో, తన మొహానికి జానెడు దూరంలో, కెమెరా అద్దం మెరిసింది. దాని వెనక ఎవరో ఉన్నారు. ఊపిరి చప్పుడు లేదు. నోట్లోంచి ఆవిరీ లేదు.

సిగ్వర్ట్ చెయ్యి ఎత్తాడు.

నీళ్ళ చుక్కలు రాలడం ఆగిపోయింది. కానీ అక్కణ్ణుంచి ఏదీ కదల్లేదు. ఆగమన్నావు, ఆగాను, ఇప్పుడేమిటి అన్నట్టు... అలాగే ఉంది.

వెనక ఎంబ్రిక్ నొప్పికి పళ్ళు బిగబట్టి మూలిగాడు. ఆ మూలుగు విని సిగ్వర్ట్‌కి తెగింపు వచ్చింది. తనకి వచ్చిన మాటలు ఇంకేమున్నాయి కనక! కొన్నేళ్ళుగా మనుషుల్ని నిలబెట్టీ, నడిపించీ బతికినవాడు. స్టూడియోలో వాడే గొంతుతోనే అన్నాడు.

"బాగా వచ్చింది ఇసాక్. కానీ... ఇంకొక్కసారి. కొండముక్కు వెనక్కి వెళ్ళి... అక్కణ్ణుంచి రా."

టప్పుమని ఒక చుక్క రాలింది.

తర్వాత చీకట్లోంచి, నీళ్ళు నిండిన గొంతుతో...

"మళ్ళీనా?"

సిగ్వర్ట్ "ఒక్కసారే," అన్నాడు. అంటున్నప్పుడు ఏడ్చాడు. ఆ రోజు తర్వాత మొదటిసారి ఏడ్చాడు.

అడుగులు వెనక్కి తిరిగాయి. చెక్కల మీద... వాకిట్లో... మంచు మీద... కొండముక్కు వైపు దూరమవుతూ పోయాయి.

"ఇప్పుడే! వాడు తిరిగొచ్చేలోపు!" అన్నాడు ఎంబ్రిక్.

సిగ్వర్ట్ ముసలాయన్ని దుప్పట్లలో చుట్టి, వచ్చేటప్పుడు సామాను వేసుకుని లాక్కొచ్చిన మంచుబండి మీద కూర్చోబెట్టి కట్టేశాడు. కాలు చాపుకోవడానికి అనువుగా వెనకవైపుకి మొహం పెట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది. రేకు డబ్బా కోటు లోపల, గుండెకి ఆనించి దోపుకున్నాడు. కెమెరాని నడవలోనే వదిలేశాడు. దాని పక్క నుంచి వెళ్తున్నప్పుడు చూడకూడదనుకుంటూనే చూశాడు. స్టాండు మీద నిటారుగా, అద్దం గది తలుపు వైపుకి పెట్టి, చక్కగా నిలబెట్టి ఉంది.

పాయ మీద కొత్త మంచు అడుగు వేస్తే కుంగి, తీస్తే లేచింది. నిలబడితే మునుగుతారు, నడుస్తుంటే మోస్తుంది. సిగ్వర్ట్ ఛాతీకి పట్టీ వేసుకుని, నడుం వంచి లాగాడు. వెనక్కి చూడలేదు.

"బాబాయ్, ఏమైనా కనిపిస్తోందా?"

"ముందు చూసి లాగు."

కొంత దూరం పోయాక మళ్ళీ అడిగాడు. ఎంబ్రిక్ 'పరలోకమందున్న మా తండ్రీ' అంటూ ప్రార్థన చదువుతున్నాడు. ముగించి, మళ్ళీ మొదలెడుతున్నాడు. ఆగకుండా, ఒకే గొంతుతో. పెద్ద బస కిటికీ వెలుగు కనిపించేదాకా అది ఆగలేదు.

తలుపు తీసింది వంటవాడు ఓలుఫ్. చేతులకి పిండి అంటుకుని ఉంది. "దేవుడా, బతికే ఉన్నారా! రండి రండి, చలి లోపలికొస్తోంది!" అని కేకలు పెట్టాడు. అందరూ చుట్టుముట్టారు. ఇసాక్ ఏడని ఒకరు అడిగారు. సిగ్వర్ట్ తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. డాక్టరు ఎంబ్రిక్ పాదంలో సగం తీసేసి, కాలు దక్కిందన్నాడు. మత్తుమందిచ్చి, పొయ్యి పక్కనే వెచ్చగా ఉండే పడకలో పడుకోబెట్టారు. అది ఇసాక్ పడక. పొయ్యి పక్కన ఖాళీగా ఉన్నది అదొక్కటే.

సిగ్వర్ట్ వేడి సూప్ తాగాడు. నిద్రపొమ్మన్నారు. నిద్ర రాలేదు. మిగతావాళ్ళు కుక్కలకి మాంసం పెట్టడానికి లాంతర్లు పట్టుకుని బయటికి వెళ్ళినప్పుడు, రేకు డబ్బా తీసుకుని, ఫిల్ము కడగడానికి బసలో ఒక మూల కట్టుకున్న తన చీకటిగదిలోకి దూరాడు. ఇసాక్ నవ్వు సరిగ్గా పడిందో లేదో చూడాలి. రాగ్నాకి ఏ మొహం చూపించాలన్నా ముందు అది చేతిలో ఉండాలి.

ఎర్రదీపం వెలుగులో ఫిల్ముని చెక్కచట్రానికి చుట్టి, మందునీళ్ళలో ముంచి, కడిగి, పైకెత్తి చూశాడు. అప్పుడే కడిగిన ఫిల్ములో అంతా తారుమారుగా ఉంటుంది. మంచు నల్లగా, మనిషి తెల్లగా. తెల్లటి ఇసాక్ నల్లటి మంచు మీద నడిచొచ్చి, నవ్వి, టోపీ ఊపాడు. పడింది! సిగ్వర్ట్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత మూడోసారి తీసిన ముక్క. ఖాళీ మంచు. ఖాళీ మంచు. రీలు అయిపోవాలి.

అయిపోలేదు.

ఒక తలుపు. గుడిసె లోపలి తలుపు. నాలుగు వేళ్ళు పట్టేంత తెరిచి ఉంది. ఆ సందులో ఒక చెయ్యి పైకి లేచింది.

సిగ్వర్ట్ తన చేతికేసి చూసుకున్నాడు. ఊడిన చర్మం మీద కట్టు ఉంది. ఈ ఫిల్ము అప్పుడు పెట్టెలో ఉంది... పెట్టె డబ్బాలో... డబ్బా గది లోపల...

ఫిల్ము జరిపాడు. మంచుబండి. దాని మీద ఎంబ్రిక్, ఇటువైపు మొహం పెట్టి. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. పెదాలు కదులుతున్నాయి. అతని భుజం మీదుగా, బండి లాగుతున్న తన వంగిన వీపు. ఎక్కడా కుదుపు లేదు. దారి పొడుగునా అంతే దగ్గర.

తర్వాత పెద్ద బస తలుపు. పిండి చేతులతో ఓలుఫ్. తనూ, ఎంబ్రిక్ బండీ లోపలికి వెళ్ళిపోయాక ఓలుఫ్ తలుపు మూయబోయి, ఆగి, ఇటు చూశాడు. ఏదో అన్నాడు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు.

అక్కడితో రీలు అయిపోయింది.

సిగ్వర్ట్ ఎర్రదీపం చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. మిగతావాళ్ళెవరూ ఇంకా లోపలికి రాలేదు. పొయ్యి మీద రొట్టె పొంగుతోంది. ఎంబ్రిక్ ఇసాక్ పడకలో పడుకుని ఉన్నాడు. డాక్టరు పడక మధ్యలో పడుకోబెట్టిన మనిషి ఇప్పుడు గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. ఇవతల సగం పడక ఖాళీ. ఖాళీ అంటే... దిండు మీద ఒక గుంట ఉంది. దుప్పటి అంచు నుంచి నేల మీదకి నీళ్ళు కారుతున్నాయి.

"బాబాయ్..."

ముసలాయన కళ్ళు తెరవలేదు. ఒక చెయ్యి మాత్రం దుప్పటి మీద, ఆ ఖాళీ మీద, మెల్లగా జోకొడుతోంది.

"ఆ దీపం అవతలికి తీసుకుపో రా," అన్నాడు గుసగుసగా. "వాడికి ఇప్పుడే కన్నంటుకుంది."